ఆమ్ల, క్షార సమీకరణాలు: ఏది విడగొట్టాలి, ఏ బాణం పెట్టాలి

హైడ్రోజన్ క్లోరైడ్ నీటిలో కరిగినప్పుడు రాసే సమీకరణంలో బాణం ఒకవైపే ఉంటుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి రాసేటప్పుడు ఎదురెదురుగా రెండు బాణాలు పెడతారు.

హైడ్రోజన్ క్లోరైడ్ + నీరు → హైడ్రోనియం⁺ + క్లోరైడ్⁻

ఎసిటిక్ ఆమ్లం + నీరు ⇌ హైడ్రోనియం⁺ + ఎసిటేట్⁻

రెండింటిలోనూ జరిగే పని ఒకటే. ఆమ్లం తన దగ్గరున్న ఒక ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ కేంద్రకాన్ని, నీటి అణువుకు ఇస్తోంది. తేడా అల్లా ఆ పని ఎంతవరకు సాగుతుందన్న దగ్గరే ఉంది. ఈ సమీకరణాలు రాసే విద్యార్థులు ఎక్కువగా తడబడేది పరమాణువుల లెక్క సరిచూసే దగ్గర కాదు. ఏ పదార్థాన్ని అయాన్లుగా విడగొట్టి రాయాలి, దేన్ని అణువుగానే ఉంచాలి, ఏ బాణం పెట్టాలి అన్న చోట తడబడతారు. ఈ ప్రశ్నలన్నింటికీ ఆధారం ఒకటే. ద్రావణంలో ఆ పదార్థం ఎక్కువ భాగం ఏ రూపంలో ఉందో సమీకరణంలోనూ ఆ రూపమే కనిపించాలి. ఇక్కడ సంకేతాలకు బదులు పదార్థాల పేర్లే ఉన్నాయి. పేరు పక్కన పైన చిన్నగా ఉన్న గుర్తు ఆ అయాన్ మీది ఆవేశం.

బలమైన ఆమ్లాలు

హైడ్రోజన్ క్లోరైడ్ మామూలుగా వాయువు. పొడిగా ఉన్నంతసేపు అందులో అయాన్లు ఉండవు. హైడ్రోజన్, క్లోరిన్ పరమాణువులు సమయోజనీయ బంధంతో కలిసి అణువుగానే ఉంటాయి. వంటుప్పు మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఈ వాయువును తయారుచేసే ప్రయోగం పదో తరగతి పాఠాల్లో ఉంది. నాళిక మూతి దగ్గర పొడి నీలి లిట్మస్ కాగితం పెడితే రంగు మారదు. అదే కాగితాన్ని తడిపి పెడితే వెంటనే ఎర్రబడుతుంది. ఆమ్ల గుణం బయటపడాలంటే ప్రోటాన్‌ను తీసుకునేవారు ఒకరుండాలి. ఇక్కడ ఆ పని చేసింది నీరు. అందుకే సమీకరణంలో ఎడమవైపు నీరు రాయడం.

నీటిలో చేరిన ప్రోటాన్ ఒంటరిగా తిరగదు. ఒక నీటి అణువును పట్టుకుని హైడ్రోనియం అయాన్ అవుతుంది. దాని చుట్టూ మరికొన్ని నీటి అణువులు చేరతాయి. క్లుప్తంగా రాయాలనుకుంటే నీటిని వదిలేసి ఇలా రాయవచ్చు:

హైడ్రోజన్ క్లోరైడ్ → హైడ్రోజన్⁺ + క్లోరైడ్⁻

ఇది తప్పు కాదు, పాఠ్యపుస్తకాల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. కలగాపులగం చేయడమే తప్పు. కుడివైపు హైడ్రోనియం రాస్తే ఎడమవైపు నీరు ఉండి తీరాలి. హైడ్రోజన్ అయాన్ రాస్తే నీరు అక్కర్లేదు. చర్య ఎవరికీ ఎవరికీ మధ్య జరుగుతోందో తేటగా చూపేది మాత్రం హైడ్రోనియం పద్ధతే. కొత్తగా నేర్చుకునేవారు దానితోనే మొదలుపెట్టడం మంచిది.

నీటిలో బలమైనవిగా లెక్కకు వచ్చే ఆమ్లాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్, నైట్రిక్, క్లోరిక్, పర్‌క్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు, ఈ ఏడు పేర్లు నోటికి వస్తే ఇంటర్ స్థాయి వరకు దాదాపు సరిపోతుంది. జాబితాలో లేని ఆమ్లం ఎదురైతే బలహీనమైనదనే అనుకుని జంట బాణం పెట్టవచ్చు, తప్పయ్యే సందర్భాలు చాలా తక్కువ. రసాయన శాస్త్రంలో కంఠస్థం చేయదగ్గ విషయాలు కొన్నే ఉంటాయి. ఈ ఏడు పేర్లు వాటిలోవి.

బలహీన ఆమ్లాలు, జంట బాణం

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో ప్రతి 1000 అణువులకు దాదాపు 13 మాత్రమే ప్రోటాన్‌ను వదులుకుని ఉంటాయి. మిగతా 987 విడిపోకుండా అణువులుగానే ఉంటాయి. ఆ 13 ఎప్పుడూ అవే అని కాదు. ఒకపక్క కొన్ని అణువులు విడిపోతూ ఉంటే, మరోపక్క అంతే వేగంతో ఎసిటేట్ అయాన్లు హైడ్రోనియం నుంచి ప్రోటాన్‌ను తిరిగి తీసుకుంటూ ఉంటాయి. రెండు వేగాలూ సమానమైన స్థితిని సమతాస్థితి అంటారు. జంట బాణం చెప్పేది ఈ ఎడతెగని రాకపోకల గురించి. చర్య సగంలో ఆగిపోయిందని దాని అర్థం కాదు.

ఈ బాణాల వెనక పెద్ద చరిత్రే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం రసాయన సమీకరణాల్లో రెండు పక్కల మధ్య సమాన గుర్తు పెట్టేవారు. 1884లో డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్, రెండు దిశల్లోనూ సాగే చర్యలకు ఎదురెదురు బాణాల గుర్తును వాడారు. అదే ఏడాది స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో స్వాంటె అర్హీనియస్ విద్యుద్విశ్లేష్యాల మీద తన పరిశోధన గ్రంథం సమర్పించారు. లవణాలు, ఆమ్లాలు నీటిలో ఆవేశం ఉన్న ముక్కలుగా ఉంటాయన్న ఆలోచనకు అది పునాది. పరీక్షకులు దానికి మెచ్చుకోలు మార్కులేమీ వేయలేదు, తక్కువ శ్రేణితోనే గట్టెక్కించారు. ఆ పరిశోధన విలువను మొదట గుర్తించినవారిలో విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ ఒకరు. 1888లో ఆయనే, బలహీన ఆమ్లం ఎంత విడిపోతుందో దాని గాఢతతో ముడిపెట్టే విలీన నియమాన్ని రూపొందించారు. 1903లో అర్హీనియస్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

బలహీనం అన్న ఒక్క మాటతో పని జరగదు. ఎంత బలహీనమో చెప్పాలి. దానికి కొలత అయనీకరణ స్థిరాంకం. సమతాస్థితిలో హైడ్రోనియం గాఢతను ఎసిటేట్ గాఢతతో గుణించి, విడిపోకుండా మిగిలిన ఆమ్లం గాఢతతో భాగిస్తే వచ్చే విలువ ఇది. నీరే ద్రావణి కనుక దాని గాఢత దాదాపు మారదు, లెక్కలో చేర్చరు. ఎసిటిక్ ఆమ్లానికి ఈ విలువ 1.8×10⁻⁵. పెరుగులోని లాక్టిక్ ఆమ్లానికి 1.4×10⁻⁴, కొన్ని చీమల విషంలో ఉండే ఫార్మిక్ ఆమ్లానికి 1.8×10⁻⁴. హైడ్రోసయానిక్ ఆమ్లానికి మాత్రం దాదాపు 6×10⁻¹⁰. ఫార్మిక్, హైడ్రోసయానిక్ ఆమ్లాల సమీకరణాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, స్థిరాంకాల మధ్య తేడా దాదాపు మూడు లక్షల రెట్లు. అందుకే బలహీన ఆమ్ల సమీకరణం పక్కన స్థిరాంకం కూడా రాస్తేనే ఆ సమీకరణం పూర్తయినట్టు.

ద్రావణంలో నీళ్లు పెంచితే విడిపోయే అణువుల శాతం పెరుగుతుంది. ఎసిటిక్ ఆమ్లం 0.1 మోలార్ ఉన్నప్పుడు 1.3 శాతం విడిపోతే, 0.01 మోలార్‌కు పలచబరిస్తే 4 శాతానికి కొంచెం పైగా, 0.001 మోలార్‌కు దిగితే 12 శాతానికి పైగా విడిపోతుంది. శాతం పెరిగింది కదా అని పులుపు పెరిగిందనుకోకూడదు. మొత్తం ఆమ్లమే తగ్గిపోయింది కనుక హైడ్రోనియం గాఢత తగ్గుతూనే వస్తుంది, పీహెచ్ 2.9 నుంచి 3.4కు, అక్కడి నుంచి 3.9కి ఎక్కుతుంది.

ఇక్కడే ఇంకో గందరగోళం తీర్చుకోవాలి. ఆమ్ల బలం వేరు, గాఢత వేరు. లీటరులో ఎంత ఆమ్లం కలిపామన్నది గాఢత. ఒకే గాఢత దగ్గర పోల్చినప్పుడు కలిపినదాంట్లో ఎంత వంతు విడిపోయిందన్నది బలం. చాలా పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా బలమైన ఆమ్లమే, దానికి ఒంటి బాణమే. గాఢమైన ఎసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, అయినా అది బలహీన ఆమ్లమే. బలహీనం అంటే నిరపాయం అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్నే చూడండి. హైడ్రోజన్, ఫ్లోరిన్ మధ్య బంధం చాలా గట్టిది కావడంతో 0.1 మోలార్ ద్రావణంలో అది విడిపోయేది 8 శాతం మాత్రమే. సమీకరణంలో దానికి జంట బాణమే. కానీ అది గాజును కరిగిస్తుంది. చర్మం మీద పడితే లోపలికి ఇంకిపోయి ఒంట్లోని కాల్షియాన్ని ఫ్లోరైడ్‌గా బంధించేస్తుంది. కొద్దిపాటి గాయం కూడా గుండె లయను దెబ్బతీసేంత దూరం వెళ్లవచ్చు. బాణం చూసి ప్రమాదాన్ని అంచనా వేయకూడదు.

క్షారాలు

సోడియం హైడ్రాక్సైడ్ ఘనరూపంలోనే అయాన్ల కట్టుబడి. అందులో సోడియం, హైడ్రాక్సైడ్ అయాన్లు ముందునుంచే ఉన్నాయి. నీరు చేసేది వాటిని విడదీయడమే, కొత్త అయాన్లను పుట్టించడం కాదు. అందుకే ఇక్కడ నీటిని చర్యలో పాల్గొనే పదార్థంగా రాయరు.

సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం⁺ + హైడ్రాక్సైడ్⁻

లిథియం, పొటాషియం, రుబీడియం, సీజియం హైడ్రాక్సైడ్లకూ ఇదే తీరు. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్లలో ఒక్కో లోహ అయాన్‌కు రెండేసి హైడ్రాక్సైడ్ అయాన్లు వస్తాయి. బలమైన క్షారాల పట్టిక దాదాపు ఇంతే.

కాల్షియం హైడ్రాక్సైడ్ దగ్గర కాస్త ఆగాలి. ఇది మనకు తెలిసిన సున్నమే, తాంబూలంలో రాసేదీ గోడకు వేసేదీ. లీటరు నీటిలో ఇది రెండు గ్రాములు కూడా కరగదు. తక్కువ కరుగుతుంది కనుక బలహీన క్షారమని చాలామంది పొరబడతారు. కరిగిన కాస్తా పూర్తిగా అయాన్లుగానే ఉంటుంది కాబట్టి అది బలమైన క్షారమే. అడుగున సున్నం పేరుకుని పైన తేట నిలిచిన పాత్రకు సమీకరణం రాస్తే ఇలా ఉంటుంది:

కాల్షియం హైడ్రాక్సైడ్ (ఘన) ⇌ కాల్షియం²⁺ + 2 హైడ్రాక్సైడ్⁻

ఈ జంట బాణం బలహీనతను చెప్పడం లేదు. కరగని ఘనపదార్థానికీ కరిగిన అయాన్లకూ మధ్య సమతాస్థితిని చెబుతోంది. పైన నిలిచిన సున్నపు తేటను ఒంపుకుని అందులోకి కార్బన్ డయాక్సైడ్ ఊదితే తెల్లగా పాలలా మారుతుంది. అప్పుడు సున్నం మొత్తం అయాన్ల రూపంలోనే ఉంది కనుక అయాన్లుగానే రాయాలి:

కాల్షియం²⁺ + 2 హైడ్రాక్సైడ్⁻ + కార్బన్ డయాక్సైడ్ → కాల్షియం కార్బొనేట్ (ఘన) + నీరు

గోడకు వేసిన సున్నం ఆరాక గట్టిపడటం వెనక ఉన్నదీ కాల్షియం కార్బొనేట్ ఏర్పడటమే.

అమ్మోనియా తీరు పూర్తిగా వేరు. దానిలో హైడ్రాక్సైడ్ అన్నదే లేదు. నీటి నుంచి ప్రోటాన్‌ను లాక్కుని హైడ్రాక్సైడ్‌ను పుట్టిస్తుంది. కాబట్టి నీటిని తప్పక రాయాలి.

అమ్మోనియా + నీరు ⇌ అమ్మోనియం⁺ + హైడ్రాక్సైడ్⁻

దీని స్థిరాంకం కూడా 1.8×10⁻⁵. ఎసిటిక్ ఆమ్లం విలువతో ఇది కలిసిపోవడం కేవలం యాదృచ్ఛికం. ప్రయోగశాలలో సీసా మీద అమ్మోనియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటుంది గానీ లోపల ఉన్నది ఎక్కువగా అమ్మోనియా అణువులే. మూత తీయగానే ముక్కుపుటాలు అదిరేది అందుకే. దాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌లా విడగొట్టి ఒంటి బాణం పెట్టడం పరీక్ష పత్రాల్లో తరచూ కనిపించే పొరపాటు. మిథైలమీన్, అనిలీన్, పిరిడీన్ వంటి నైట్రోజన్ క్షారాలన్నిటికీ అమ్మోనియా నమూనాయే వర్తిస్తుంది.

నీరు ఒకచోట ప్రోటాన్ తీసుకుంటోంది, మరోచోట ఇస్తోంది. 1923లో డెన్మార్క్‌కు చెందిన బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌కు చెందిన లౌరీ విడివిడిగా ప్రతిపాదించిన సిద్ధాంతం దీన్ని సూటిగా వివరించింది. ప్రోటాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. ఎసిటిక్ ఆమ్లం ప్రోటాన్ ఇచ్చేశాక మిగిలిన ఎసిటేట్ తిరిగి ప్రోటాన్ పుచ్చుకోగలదు కనుక అదీ క్షారమే. ఇలాంటి రెండింటినీ కాంజుగేట్ జంట అంటారు. ఆమ్లం ఎంత బలమైనదైతే దాని కాంజుగేట్ క్షారం అంత బలహీనం. క్లోరైడ్‌కు నీటిలో ప్రోటాన్‌ను తిరిగి తీసుకునే శక్తి లేదు కాబట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి వెనక్కి వచ్చే బాణం ఉండదు.

తటస్థీకరణ సమీకరణాలు

ఆమ్లం, క్షారం కలిసినప్పుడు లవణం, నీరు ఏర్పడతాయని బడిలో నేర్పే వాక్యం. దాన్ని మూడు మెట్లలో రాయవచ్చు. మొదట పదార్థాలన్నిటినీ పూర్తి పేర్లతో:

హైడ్రోక్లోరిక్ ఆమ్లం + సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం క్లోరైడ్ + నీరు

తర్వాత బలమైన ఆమ్లాన్ని, బలమైన క్షారాన్ని, కరిగే లవణాన్ని అయాన్లుగా విడగొట్టి:

హైడ్రోనియం⁺ + క్లోరైడ్⁻ + సోడియం⁺ + హైడ్రాక్సైడ్⁻ → సోడియం⁺ + క్లోరైడ్⁻ + 2 నీరు

రెండు పక్కలా మారకుండా ఉన్న సోడియం, క్లోరైడ్ ప్రేక్షక అయాన్లు. వాటిని కొట్టేస్తే మిగిలేది నికర అయానిక సమీకరణం:

హైడ్రోనియం⁺ + హైడ్రాక్సైడ్⁻ → 2 నీరు

హైడ్రోక్లోరిక్ బదులు నైట్రిక్ ఆమ్లం, సోడియం బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ తీసుకున్నా చివరికి మిగిలేది ఇదే. దీనికి ప్రయోగ సాక్ష్యం కూడా ఉంది. పలచని ద్రావణాల్లో బలమైన ఆమ్లం, బలమైన క్షారం ఏ జత తీసుకున్నా ఒక మోల్ నీరు ఏర్పడేటప్పుడు వెలువడే వేడి దాదాపు 56, 57 కిలోజౌళ్ల దగ్గరే ఉంటుంది. పేర్లు వేరైనా చర్య ఒకటే కావడం వల్ల వేడి కూడా ఒకటే.

ఇప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని తీసుకుందాం. ద్రావణంలో 1000కి 987 అణువులు విడిపోకుండానే ఉన్నాయి కనుక దాన్ని అణువుగానే రాయాలి:

ఎసిటిక్ ఆమ్లం + హైడ్రాక్సైడ్⁻ → ఎసిటేట్⁻ + నీరు

బలహీన ఆమ్లానికి ఒంటి బాణం ఎలా వచ్చింది? చాలామందికి ఇక్కడే అడ్డం తగులుతుంది. జంట బాణం ఆమ్లానికి శాశ్వతంగా అంటుకున్న బిళ్ల కాదు, అది చర్యను బట్టి వస్తుంది. నీరు చాలా బలహీనమైన క్షారం, దానికి ప్రోటాన్ ఇవ్వడానికి ఎసిటిక్ ఆమ్లం వెనకాడుతుంది. హైడ్రాక్సైడ్ బలమైన క్షారం, అది ప్రోటాన్‌ను లాగేసుకుంటుంది. ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం 1.8×10⁹, అంటే వెనక్కి వచ్చే భాగం లెక్కలోకి రానంత తక్కువ. ఫలితంగా ఒకే మోలారిటీ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ వదిలితే రెండింటికీ సరిగ్గా ఒకే పరిమాణంలో క్షారం ఖర్చవుతుంది.

అదే సంగతి మెగ్నీషియం తీగతో కంటికి కనిపిస్తుంది. రెండు పరీక్షనాళికల్లో సమాన గాఢత, సమాన ఘనపరిమాణం గల ఈ రెండు ఆమ్లాలు పోసి, ఒకే పొడవున్న తీగ ముక్కలు వేయాలి. ఆమ్లం తీగకు సరిపోయి మిగిలేంత ఉండాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న నాళికలో బుడగలు నురగలా పైకి తన్నుకొస్తాయి, నాళిక వేడెక్కుతుంది, తీగ చూస్తుండగానే మాయమవుతుంది. ఎసిటిక్ ఆమ్లంలో బుడగలు సన్నగా తీగకు అంటుకుని ఒక్కొక్కటే విడివడతాయి, తీగ నింపాదిగా కరుగుతుంది. చివరికి పోగైన హైడ్రోజన్ కొలిస్తే రెండింటిలోనూ సమానమే. బలం మార్చింది వేగాన్ని మాత్రమే.

మెగ్నీషియం + 2 హైడ్రోనియం⁺ → మెగ్నీషియం²⁺ + హైడ్రోజన్ (వాయు) + 2 నీరు

మెగ్నీషియం + 2 ఎసిటిక్ ఆమ్లం → మెగ్నీషియం²⁺ + 2 ఎసిటేట్⁻ + హైడ్రోజన్ (వాయు)

అణువుగానే రాయాలన్న నియమం పట్టింపు కాదనడానికి వేడి కొలతలు సాక్ష్యం చెబుతాయి. హైడ్రోసయానిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరిస్తే మోల్‌కు వెలువడేది 12 కిలోజౌళ్లు మాత్రమే. ఆమ్ల అణువు నుంచి ప్రోటాన్‌ను ఊడదీయడానికే మిగతా శక్తి ఖర్చయిపోతుంది. జరిగేది హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ కలయికే అయితే ఇక్కడా 56 కిలోజౌళ్లు రావాలి. రాలేదు, ఎందుకంటే ఆ చర్య వేరు.

బలహీన క్షారం, బలమైన ఆమ్లం కలిసినా ఇదే తర్కం. అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణాలు కలిస్తే:

అమ్మోనియా + హైడ్రోనియం⁺ → అమ్మోనియం⁺ + నీరు

రెండూ బలహీనమైనవైతే బాణం పెట్టేముందు లెక్క చూడాలి. ఆమ్ల స్థిరాంకాన్ని క్షార స్థిరాంకంతో గుణించి 10⁻¹⁴తో భాగిస్తే చర్య స్థిరాంకం వస్తుంది. ఆ 10⁻¹⁴ అన్నది 25 డిగ్రీల దగ్గర నీటి అయానిక లబ్ధం. అమ్మోనియా, హైడ్రోసయానిక్ ఆమ్లాల జతకు ఈ లెక్క వేస్తే 1 చుట్టుపక్కల వస్తుంది. జంట బాణం తప్పనిసరి. చేపల పులుసులో జరిగేది దీనికి భిన్నం. సముద్రపు చేపలకు వచ్చే నీచు వాసనకు ఎక్కువగా కారణం ట్రైమిథైలమీన్ అనే బలహీన క్షారం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అదీ బలహీనమే. ఈ రెండింటికీ లెక్క వేస్తే స్థిరాంకం పది లక్షలు దాటుతుంది:

ట్రైమిథైలమీన్ + టార్టారిక్ ఆమ్లం → ట్రైమిథైలమ్మోనియం⁺ + హైడ్రోజన్ టార్ట్రేట్⁻

కుడివైపున్న అయాన్ ఆవిరై గాలిలో కలవదు, కనుక ముక్కుకు చేరదు. చేపకు పులుపు పట్టించడంలోని రసాయనం ఇదే.

పుల్లటి పిండిలో వంట సోడా వేసినప్పుడు కూడా రెండు బలహీన పదార్థాలే తలపడతాయి. వంట సోడా కరిగే లవణం కనుక సోడియం, బైకార్బొనేట్ అయాన్లుగా ఉంటుంది. సోడియం ప్రేక్షకుడు. పిండి పులిసి పుట్టిన లాక్టిక్ ఆమ్లం బలహీనం కనుక అణువుగా ఉండాలి:

లాక్టిక్ ఆమ్లం + బైకార్బొనేట్⁻ → లాక్టేట్⁻ + నీరు + కార్బన్ డయాక్సైడ్ (వాయు)

వాయువు పిండిలోంచి బయటికి పోతూ ఉండటంతో చర్య ముందుకే సాగుతుంది. పునుగులు పొంగి గుల్లగా వచ్చేది ఈ వాయువు వల్ల.

లవణాలు నీటితో

తటస్థీకరణ పూర్తయింది కదా, పీహెచ్ 7 దగ్గర ఆగాలి అనుకుంటాం. సోడియం క్లోరైడ్ విషయంలో నిజమే. సోడియం ఎసిటేట్ విషయంలో కాదు. ఎసిటేట్ కొద్దిగా క్షార గుణం ఉన్న అయాన్:

ఎసిటేట్⁻ + నీరు ⇌ ఎసిటిక్ ఆమ్లం + హైడ్రాక్సైడ్⁻

0.1 మోలార్ సోడియం ఎసిటేట్ ద్రావణం పీహెచ్ 8.9 దాకా ఉంటుంది. వెనిగర్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేసేటప్పుడు మిథైల్ ఆరెంజ్ పనికిరాదు, క్షార పక్షాన రంగు మారే ఫినాఫ్తలీన్ కావాలి. కారణం ఈ సమీకరణమే. అమ్మోనియం క్లోరైడ్‌లో దీనికి తలకిందులు: అమ్మోనియం నీటికి ప్రోటాన్ ఇచ్చి ద్రావణాన్ని ఆమ్ల పక్షానికి, దాదాపు పీహెచ్ 5కు తెస్తుంది. చాకలి సోడాలోని కార్బొనేట్ మరీ గట్టి క్షారం, 0.1 మోలార్ ద్రావణం పీహెచ్ 11 దాటుతుంది. సోడా నీళ్లు చేతికి జారుడుగా తగిలేది అందుకే.

ఒకటికి మించి ప్రోటాన్లు

సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఇవ్వడానికి రెండు ప్రోటాన్లున్నాయి, కానీ రెండింటినీ ఒకే ధాటిన ఇవ్వదు.

సల్ఫ్యూరిక్ ఆమ్లం + నీరు → హైడ్రోనియం⁺ + హైడ్రోజన్ సల్ఫేట్⁻

హైడ్రోజన్ సల్ఫేట్⁻ + నీరు ⇌ హైడ్రోనియం⁺ + సల్ఫేట్²⁻

మొదటి మెట్టు పూర్తవుతుంది. రెండో మెట్టు స్థిరాంకం 1.2×10⁻², 0.1 మోలార్ ద్రావణంలో పదో వంతు మాత్రమే ముందుకు సాగుతుంది. రెండు మెట్లనూ కలిపేసి రెండు హైడ్రోనియంలు, ఒక సల్ఫేట్ అని ఒంటి బాణంతో రాయడం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. క్షారంతో పూర్తిగా తటస్థీకరించేటప్పుడు అలా లెక్కపెట్టినా ఫలితం చెడదు. నీటిలో ఉన్న ఆమ్లం స్వభావాన్ని చెప్పేటప్పుడు మాత్రం అది సరికాదు.

ఫాస్ఫారిక్ ఆమ్లానికి మూడు మెట్లు, మూడూ జంట బాణాలే. స్థిరాంకాలు 7×10⁻³, 6×10⁻⁸, 4×10⁻¹³ చుట్టుపక్కల ఉంటాయి. ఒక్కో మెట్టు దగ్గర లక్ష రెట్లకు పైగా పడిపోతుంది. రుణావేశం చేరిన అయాన్ నుంచి ధనావేశం ఉన్న ప్రోటాన్‌ను ఊడదీయడం కష్టమవుతూ పోవడమే దీనికి కారణం. గోళీసోడాలోని కార్బోనిక్ ఆమ్లానికి రెండు మెట్లు. మన రక్తం పీహెచ్‌ను 7.4 దగ్గర నిలిపి ఉంచే ఏర్పాట్లలో ముఖ్యమైనది అందులోని మొదటి మెట్టే.

ద్రావణి మారితే

ఇప్పటిదాకా చెప్పిన బలం, బలహీనత అంతా నీటిని బట్టే. పర్‌క్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు నీటిలో ఒకే బలంతో ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి వాటి మధ్య తేడాలున్నాయి. ప్రోటాన్‌ను తీసుకోవడంలో నీరు ఇంత ఉదారంగా ఉండటం వల్ల ఆ తేడాలు కనపడకుండా పోతాయి. నీటికి బదులు, ప్రోటాన్ పుచ్చుకోవడానికి అంతగా ఇష్టపడని నిర్జల ఎసిటిక్ ఆమ్లంలో వాటిని కరిగిస్తే వరస తేలుతుంది. పర్‌క్లోరిక్ అన్నిటికంటే ముందుంటుంది, హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు వెనకబడి బలహీన ఆమ్లాల్లా ప్రవర్తిస్తాయి.

ఈ గుణాన్ని మందుల పరిశ్రమ రోజూ వాడుకుంటుంది. అమీన్ వర్గానికి చెందిన చాలా మందులు నీటిలో మరీ బలహీనమైన క్షారాలు, అక్కడ అంశమాపనం చేస్తే అంత్యబిందువు స్పష్టంగా పట్టుబడదు. నిర్జల ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తే పని సులువవుతుంది. పర్‌క్లోరిక్ ఆమ్లం తన ప్రోటాన్‌ను ద్రావణికి ఇస్తుంది, ద్రావణి దాన్ని అమీన్‌కు అందిస్తుంది:

అమీన్ + ప్రోటాన్ చేరిన ఎసిటిక్ ఆమ్లం⁺ → ప్రోటాన్ చేరిన అమీన్⁺ + ఎసిటిక్ ఆమ్లం

భారత ఫార్మకోపియాలో అనేక ఔషధాల స్వచ్ఛతను నిర్ధారించే పద్ధతి నిర్జల ఎసిటిక్ ఆమ్లంలో 0.1 మోలార్ పర్‌క్లోరిక్ ఆమ్లంతో చేసే ఈ అంశమాపనమే.